రైతైన నాన్న మీద పద్యం రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు రెండు అడిగారు. నాన్న మీద ఉన్న అభిమానాన్ని పద్యంలో ఎలా పెట్టాలి, రాశాక ఆయనకు వినిపించాలా వద్దా అని. రెండూ నాకు ఎదురైనవే కాబట్టి చెబుతున్నాను. మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం వైపు ఒక మెట్ట పల్లె. మా ఇల్లంతా శెనక్కాయ (వేరుశెనగ) పంట మీదే నడిచింది.

ముందు ‘అన్నదాత’, ‘దేశానికి వెన్నెముక’ లాంటి మాటలు పక్కన పెట్టేయండి. ఎన్నికల సభలోనూ అవే, ఎరువుల ప్రకటనలోనూ అవే. వాటిలో మీ నాన్న ఎక్కడా కనపడడు. ఆయన్ను చూసి మీరు ఎప్పుడు ‘అబ్బా’ అనుకున్నారో, ఆ పని ఒక్కటి పట్టుకోండి చాలు.

నాకైతే అది విత్తే ముందు ఆయన తీసుకునే నిర్ణయం. మా వైపు ఏడాదికి సగటున పడేది 550 మిల్లీమీటర్ల వాన. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే చాలావరకు కురిసేస్తాయి, మాకు మిగిలేది గాలి. ఆరుద్ర కార్తెలో ఒక వాన పడిందనుకోండి, విత్తాలా, ఇంకో వానకు ఆగాలా? తొందరపడితే మొలక ఎండుతుంది, ఆగితే పదును, అంటే నేలలో తడి, ఆరిపోతుంది. నాన్న చేన్లోకి పోయి, పిడికెడు మట్టి తీసి ముద్ద కట్టి చూసి, "రేప్పొద్దున గొర్రు కడదాం" అనేవాడు. గొర్రు అంటే సాళ్లలో విత్తనం వేసే పనిముట్టు. బడి మొహం చూడని మనిషి, ఇంట్లో ఉన్న విత్తనమంతా ఆ ఒక్క మాట మీద నేలలో పోసేవాడు. నేను చిన్న ఉద్యోగానికి అప్లికేషన్ పెట్టాలన్నా నలుగురిని అడిగే రకం.

అందుకే పద్యం అక్కడి నుంచే మొదలైంది:

చదువురాని నాన్న చదివెను మబ్బును
పదును చూసి గొర్రు పట్టి నడిచె
వాన మొగము దాచె, వడ్డీలు మొగమెత్తె
మరల విత్తె నాన్న మరుసటేడు

ఇది ఆటవెలది. కొత్తవాళ్లకు ఇదే మంచిదని నా అభిప్రాయం. ప్రతి పాదంలో రెండో అక్షరం ఒకటే ఉండాలనే ప్రాస నియమం లేదు, పైగా వేమన పద్యాలు విని పెరిగిన చెవికి నడక ముందే తెలిసి ఉంటుంది. ఆయన సమాధి కదిరి దగ్గర కటారుపల్లిలోనే ఉంది కాబట్టి పాత ఉమ్మడి అనంతపురం జిల్లావాళ్లకు ఆ చనువు కాస్త ఎక్కువ. గణమంటే లఘువులు (పొట్టి అక్షరాలు), గురువులు (పొడుగు అక్షరాలు) ఒక లెక్కలో కూడిన చిన్న ముక్క; సూర్య గణాలు చిన్నవి, ఇంద్ర గణాలు కాస్త పెద్దవి. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్య గణాలు, తర్వాత రెండు ఇంద్ర గణాలు. రెండు, నాలుగు పాదాల్లో ఐదూ సూర్య గణాలే. నాలుగో గణం మొదటి అక్షరం పాదం మొదటి అక్షరంతో యతి కలవాలి, అంటే ధ్వనిలో జత కుదరాలి. పై పద్యం మొదటి పాదం విడగొడితే చదువు, రాని, నాన్న, చదివెను, మబ్బును. ‘చ’కు ‘చ’ కుదిరింది. గణాలు టెన్షన్ పెడితే వచన కవిత రాయండి, నష్టమేం లేదు.

మూడో పాదం మాత్రం ఊరికే రాలేదు. ఒక ఏడు పైరు బాగా లేచి, సరిగ్గా ఊడలు (పూత తర్వాత నేలలోకి దిగి కాయ కట్టే కాడలు) దిగే సమయానికి వాన మొహం చాటేసింది. నేల గట్టిపడితే ఊడ లోపలికి దిగదు, దిగకపోతే కాయ ఉండదు. చివరికి కాయల్లేని మొక్కల కట్టె పశువుల మేతకు పనికొచ్చింది, అప్పు అట్లాగే నిలిచింది. ఇట్లాంటివి దాచి నాన్నను దేవుణ్ణి చేయకండి. అప్పు ఉందని తెలిస్తేనే మళ్లీ విత్తడం ఎంత పెద్ద పనో చదివేవాడికి అర్థమవుతుంది.

ఇక వినిపించాలా అంటే, తప్పకుండా వినిపించండి. కళ్లనీళ్లు పెట్టుకుంటాడని, కౌగిలించుకుంటాడని మాత్రం ఎదురుచూడకండి. మా వైపు నాన్నలకు ఆ అలవాటు లేదు. మా నాన్న బీడీ ఆర్పి పద్యమంతా విన్నాడు. "బాగుంది గానీ, గొర్రు నేను పట్టినా, జడ్డిగంలో ఇత్తనం పోసింది మీయమ్మ గదరా. ఆయమ్మను యాడ పెడ్తివి?" అన్నాడు.

జడ్డిగం అంటే గొర్రుకు విత్తనం పోసే గిన్నె. నిజమే, సాలు వెంట సాలు గొర్రు వెనకాలే నడిచి, పిడికిలి సందులోంచి విత్తనం వదిలింది అమ్మే. అప్పుడు రెండో పద్యం రాశాను:

గొర్రు వెంట నడిచి కురిపించె విత్తులు
అమ్మ, ఆమె పిడికిలంతె కొలత
సాలు తప్పలేదు సందెపొద్దుల దాక
నడుము నొప్పి మాట నాకు తెలుసు

‘అమ్మ, ఆమె’ దగ్గర సంధి చేయలేదని పండితులు ముక్కు విరుస్తారు, విరవనీండి. నాన్న మాత్రం "ఇప్పుడు సరిపాయ" అన్నాడు. నడుం నొప్పి సంగతి ఊరందరికీ ఎందుకు చెప్పావని అమ్మ కోప్పడింది.