ప్రతి బేరమూ పద్దుకెక్కాలా?

ప్రశ్న: షేర్ల ట్రేడింగ్ వంటి వేగవంతమైన లావాదేవీల కోసం మేము నలుగురు మిత్రులం సొంత బ్లాక్‌చెయిన్ నిర్మించాలనుకుంటున్నాము. అంతా మొదటి నుంచి రాసుకోవాలా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, హన్మకొండ

జవాబు: అక్కరలేదు. బిట్‌కాయిన్‌లో సగటున 10 నిమిషాలకు, ఇథీరియంలో 12 సెకన్లకు ఒక బ్లాక్ (లావాదేవీల కట్ట) గొలుసుకు చేరుతుంది కనుక అవి నేరుగా మీకు పనికిరావన్నది నిజమే. కానీ సొంత బ్లాక్‌చెయిన్‌లు కట్టుకోవడానికి వాడే కాస్మాస్ ఎస్‌డీకే వంటి సిద్ధంగా ఉన్న సాఫ్ట్‌వేర్ చట్రం మీద ట్రేడింగ్ భాగాన్ని మాత్రం మీరు రాసుకోవచ్చు. డీవైడీఎక్స్ అనే క్రిప్టో ట్రేడింగ్ వేదిక 2023లో అలాగే సొంత చెయిన్‌కు మారింది.

అసలు చిక్కు ఆర్డర్ల దగ్గర ఉంది: ప్రతి ఆర్డర్‌నూ, రద్దునూ బ్లాక్‌లో రాస్తే భారం పెరుగుతుంది. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఖరీదుదారులు బస్తా విప్పి, గుప్పెడు మిర్చిని అరచేతిలో నలిపి చూసి ఎన్ని ధరలు పలికినా, తక్‌పట్టీలోకి (అమ్మకపు చీటీలోకి) ఎక్కేది కుదిరిన ధర ఒక్కటే. డీవైడీఎక్స్ కూడా స్వల్పకాలిక ఆర్డర్లను, వాటి రద్దులను వ్యాలిడేటర్ల (లావాదేవీలను సరిచూసి బ్లాక్‌లు కూర్చే కంప్యూటర్ల) మెమరీలోనే ఉంచి, వాటిలో జత కుదిరిన లావాదేవీలను మాత్రమే బ్లాక్‌లో రాస్తుంది. దీనివల్ల భారం తగ్గుతుంది గాని, బ్లాక్ కూర్చే వ్యాలిడేటర్ తనకు లాభించే ఆర్డర్‌ను ముందుకు జరిపే అవకాశం మిగిలే ఉంటుంది; నా దృష్టిలో వేగం కన్నా ఇదే పెద్ద సమస్య.

ప్రయోగానికి 4 వ్యాలిడేటర్లు చాలు, వాటిలో ఒకటి మొరాయించినా గొలుసు ఆగదు. నిజమైన డబ్బు మాత్రం పెట్టకండి. మన దేశంలో షేర్ల ఎక్స్ఛేంజీ నడపాలంటే 1956 నాటి సెక్యూరిటీస్ కాంట్రాక్ట్స్ చట్టం కింద గుర్తింపు ఉండాలి.