సమాధానం: తురీనా ట్రయోలో జోర్ట్సికో దగ్గర జారిపోవడం

జోర్ట్సికో వేరియేషన్‌లో వయొలిన్, చెల్లో పియానోతో ఎందుకు విడిపోతున్నాయని అడిగారు. బహుశా 5/8ని (బార్‌కు, అంటే ఒక ఆవృత్తికి, ఐదు ఎయిత్ నోట్లు) మీరు ఖండచాపులా 2+3గా లెక్కపెడుతున్నారు. స్పెయిన్ స్వరకర్త హోవాకిన్ తురీనా మొదటి పియానో ట్రయో (ఓపస్ 35, 1926) రెండో భాగంలోని ఆ వేరియేషన్ జోర్ట్సికో అనే బాస్క్ నాట్యం. దాని నడక 1+2+2. వయొలిన్, చెల్లో పియానోతో విడిపోయేది అందుకే.

1. వాద్యాలు పక్కన పెట్టండి. బార్‌ను 10 సిక్స్‌టీన్త్‌లుగా (ఎయిత్‌లో సగం) లెక్కపెడుతూ 1, 3, 6, 7, 10 మీద చప్పట్లు కొట్టండి. సంప్రదాయ జోర్ట్సికో లయ అదే.

2. అందరూ వదిలేసేది 10వ దెబ్బ. అది పడగానే తర్వాతి 1 రావాలి, మధ్యలో ఊపిరికి చోటు లేదు. వాయించేటప్పుడు వయొలిన్, చెల్లో ఇద్దరిలో ఒక్కరు విల్లు ఎత్తి ఆగినా ఐదు కాస్తా ఆరవుతుంది. పైగా మొదటి వేరియేషన్ మున్యెయిరా అనే గలీషియా నాట్యం, 6/8 కదా, చెవిలో ఇంకా అదే తిరుగుతుంటుంది!

3. 6, 10 దెబ్బలు ముందే పడుతుంటే డాటెడ్ నోట్లు (3 సిక్స్‌టీన్త్‌ల పొడవు) ట్రిప్లెట్లుగా (మూడు సమాన భాగాలుగా) మారాయని అర్థం. పొడవు నోట్‌కు, వెంట వచ్చే పొట్టి నోట్‌కు నిష్పత్తి 3:1 కావాలి, 2:1 కాదు.

4. మెట్రోనోమ్ మొదట ఒక్కో ఎయిత్‌కు ఒక క్లిక్, నిమిషానికి 100. కుదిరాక 150కి పెంచి, ఆపై బార్‌కు ఒక్క క్లిక్, అంటే 30. అక్కడ నిలబడితే పియానో కలపండి.