ఎక్స్5లో రెండు సైకిళ్లు: టాప్ మీద పెట్టాలా, వెనక హిచ్ వేయించాలా?

జయపురం నుంచి మీరు అడిగింది ఇది: కొత్త బీఎమ్‌డబ్ల్యూ ఎక్స్5, రెండు సైకిళ్లు, అందులో ఒకటి ఎలక్ట్రిక్ ఎంటీబీ (కొండ దారుల్లో తొక్కే మౌంటెన్ బైక్). ఆదివారాలు దేవ్‌మాలి, గుప్తేశ్వర్, అప్పుడప్పుడు విశాఖ. వెనక హిచ్ (రాక్ తగిలించడానికి బండి వెనక కింద బిగించే ఇనుప బార్) వేయించాలా, టాప్ మీద రాక్ పెట్టాలా, డిక్కీకి పట్టీలతో కట్టేది సరిపోతుందా?

నేను సునాబెడలో ఉంటాను, మీరు తిరిగే దారులే నావీ. చివర అడిగిన పట్టీల రాక్ సంగతి ముందు చెబుతాను. దాంతో నాకు బాగా దెబ్బ తగిలింది.

2021లో ఎస్‌యూవీ కొన్నప్పుడు చవకగా వచ్చిందని అదే తీసుకున్నాను. పైన కొక్కేలు డిక్కీ డోర్ అంచుకు తగిలించి, కింద బంపర్‌కు బిగించి సాలూరు వైపు బయల్దేరాం. సుంకి దాటాక ఘాట్ మలుపులు మీకు తెలిసినవే. మలుపు మలుపుకీ సైకిళ్లు ఊగి పట్టీలు కొంచెం కొంచెంగా వదులయ్యాయి. సాలూరులో టీకి ఆగి చూస్తే, పెడల్ ఒరుసుకుని డోర్ మీద అరచేయంత మేర పెయింట్ లేచిపోయింది. అది చాలదన్నట్టు, సైకిల్ విప్పుతుంటే నా కాలు బంపర్ కిందికి వెళ్లింది. తాళం జేబులోనే ఉంది. కాలు పెడితే డిక్కీ తెరిచే సెన్సార్ పనిచేసి, సైకిళ్ల బరువుతో సహా డిక్కీ పైకి లేవబోయింది. తర్వాత డిక్కీని లేపే మోటారు మార్చాల్సి వచ్చింది, వారంటీ కింద ఇవ్వలేదు. రాక్ ఖరీదుకి ఎన్నో రెట్లు పోయింది.

మీ బండికైతే ఇది అసలే వద్దు. ఎక్స్5 డిక్కీ రెండు ముక్కలు, ఒకటి పైకి, ఒకటి కిందికి తెరుచుకుంటుంది. పట్టీలు ఆ రెండింటినీ కలిపి లాగి పట్టుకుంటాయి. కొక్కేలు పడే చోట గట్టి ఇనుప అంచు కూడా ఉండదు, స్పాయిలర్ ఉంటుంది.

ఇక హిచ్. యూట్యూబ్‌లో అమెరికా వాళ్లు చూపించేది 2 అంగుళాల చదరపు గొట్టం, రాక్ కడ్డీ అందులోకి దూరుతుంది. యూరప్‌లో వాడేది వేరు, 50 మిల్లీమీటర్ల గుండు ఉన్న టో బార్. రాక్ ఆ గుండును పట్టుకుని నిలబడుతుంది. ఒకదాని రాక్ రెండోదానికి పట్టదు. కాబట్టి ముందు మీ బండికి ఏ బార్ దొరుకుతుందో షోరూమ్‌లో తేల్చుకుని, ఆ తర్వాతే రాక్ ఆర్డర్ చేయండి. వైరింగ్ కూడా ఆ బార్‌తో వచ్చే కిట్‌తోనే చేయించండి. టెయిల్ లైట్ వైరు కోసి కలిపేస్తానన్న మెకానిక్‌కి ఇలాంటి బండి అప్పగించొద్దు. కిట్‌ని బండి కంప్యూటర్‌లో సరిగ్గా కోడింగ్ చేస్తే రాక్ ఉన్నప్పుడు వెనక పార్కింగ్ సెన్సార్లు ఊరికే మోగవు.

విశాఖలో ఉండే మా బావ టో బార్ వాడతాడు, నేనిప్పుడు టాప్ రాక్ వాడుతున్నాను. ఇద్దరం కలిసి దేవ్‌మాలికి వెళ్లినప్పుడల్లా రెండింటి తేడా కళ్ల ముందే ఉంటుంది. సైకిల్ ఎక్కించడం అతనికి చాలా సులువు, నడుము ఎత్తు కూడా లేపక్కర్లేదు. కాకపోతే మట్టి రోడ్డు వస్తే అతని సైకిళ్లు చెయిన్‌తో సహా ఎర్ర దుమ్ములో మునుగుతాయి. ఊళ్లలో ఎత్తు స్పీడ్ బ్రేకర్లు దాటేటప్పుడు రాక్ అడుగు నేలకు రాసుకుంటుంది. నంబర్ ప్లేటు, టెయిల్ లైట్లు సైకిళ్ల వెనక దాగితే పోలీసులు ఆపుతారు, ఆపడం న్యాయమే కూడా. లైట్లు ఉన్న రాకే తీసుకోండి, ప్లేటు సంగతి ఆర్‌టీఓ ఆఫీసులో ముందే అడగండి. మీరు ప్రత్యేకంగా చూసుకోవాల్సింది ఇంకొకటి ఉంది: రాక్ వెనక్కి వంచాక డిక్కీ కింది తలుపు దానికి తగలకుండా దిగుతుందా? కొనేముందు బండికి పెట్టించి చూడండి.

టాప్ రాక్‌కి బరువు కంటే ఎత్తే సమస్య. మాన్యువల్‌లో రూఫ్ లోడ్, అంటే టాప్ మీద ఎంత బరువు వేయొచ్చో, రాసి ఉంటుంది, ఈ సైజు బళ్లకు సాధారణంగా 75 నుంచి 100 కిలోలు. అందులో అడ్డ కడ్డీలు, రాక్ బరువు కూడా కలిపి లెక్కే. నా సైకిళ్లు ఒక్కోటి 13 కిలోలు కాబట్టి నాకు ఇబ్బంది లేదు. మీ ఎలక్ట్రిక్ సైకిల్ 22, 24 కిలోలు ఉండొచ్చు. దాన్ని తల ఎత్తుకి ఒక్కరే లేపితే చెయ్యి జారడం ఖాయం, కింద సన్‌రూఫ్ అద్దం. పైగా సైకిల్ నిలబెట్టాక మొత్తం ఎత్తు మూడు మీటర్ల దగ్గరికి వస్తుంది. హోటల్ పోర్టికోలు, ఇంటి గేటు పైన ఆర్చీలు, ఘాట్‌లో వంగిన కొమ్మలు గుర్తుపెట్టుకోవాలి. నేను స్టీరింగ్ పక్కన ఎత్తు రాసి కాగితం అంటించాను.

మీ విషయంలో ఎలక్ట్రిక్ సైకిలే అంతా తేలుస్తుంది. టాప్ వద్దు. టో బార్ తీసుకుంటే గుండు మీద ఎంత నిలువు బరువు వేయొచ్చో చూడండి. రాక్ దాదాపు 20 కిలోలు, సైకిళ్లు 24, 15 అనుకుంటే దగ్గర దగ్గర 60. అంత బరువూ గుండు నుంచి వెనక్కి దూరంగా వేలాడుతుంది కాబట్టి, పరిమితికి బాగా లోపలే ఉండాలి. చక్రాలను పట్టుకునే రకం తీసుకోండి. సైకిల్ కార్బన్‌దైతే ఫ్రేమ్‌ని బిగించే క్లాంప్ పనికిరాదు. ప్రయాణానికి ముందు బ్యాటరీ తీసి కార్లో పెట్టుకోండి, మూడు నాలుగు కిలోలు తగ్గుతాయి.

అన్నిటికంటే ముందు, రెండు ఆదివారాలు ఏమీ కొనకుండా వెళ్లి చూడండి. ఇద్దరే కదా, వెనక సీట్లు మడిచి, ముందు చక్రాలు విప్పి, పాత దుప్పటి పరిచి, చెయిన్ వైపు పైకి ఉండేలా పడుకోబెట్టండి. చాలాసార్లు రెండూ లోపలే పడతాయి. పిల్లలు కూడా వస్తామన్న రోజు నుంచే మీకు టో బార్ అవసరం.