కోడింగ్ రాకపోతే డేటా ఉద్యోగం రాదా?

ప్రశ్న: కామర్స్ డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను. మార్కెటింగ్ అంటే ఇష్టం. కానీ ఏ ఉద్యోగ ప్రకటన చూసినా డేటా అనలిటిక్స్ తెలిసి ఉండాలంటున్నారు. నాకు కోడింగ్ రాదు, లెక్కల్లో అంతంతమాత్రం. ఏ కోర్సులో చేరమంటారు?

జవాబు: కోర్సు సంగతి తర్వాత చూద్దాం. మార్కెటింగ్ అంటే ఇష్టం అన్నారు చూడండి, ఈ రంగంలో మీకు అక్కరకొచ్చేది అదే. సాఫ్ట్‌వేర్ ఎవరైనా నేర్చుకుంటారు. ఏ నిర్ణయం కోసం ఈ లెక్క తీస్తున్నామో తెలిసినవాళ్లు తక్కువ.

కోకాకోలా కంపెనీ 1985లో ఫార్ములా మార్చే ముందు దాదాపు రెండు లక్షల మందితో రుచి పరీక్షలు చేయించింది. ఎక్కువమంది కొత్త రుచివైపే మొగ్గారు. తీరా పాతదాన్ని ఆపేసి కొత్తది తెచ్చాక జనం భగ్గుమన్నారు. 79 రోజులకే పాత పానీయం మళ్లీ అమ్మకానికి వచ్చింది. లెక్క తప్పలేదు, ప్రశ్నే తప్పింది. ఏది రుచిగా ఉందని అడిగారు. పాతది ఇక దొరకదంటే జనం ఏమంటారన్న దానికి తగిన విలువ ఇవ్వలేదు.

లెక్కల గురించి మీ భయానికి వస్తాను. ఒకే ప్రకటనను రెండు రకాలుగా రాసి, చెరో వెయ్యిమందికి పంపారనుకోండి. మొదటిదానికి 50 మంది, రెండోదానికి 60 మంది స్పందించారు. 'స్పందన 20 శాతం పెరిగింది' అని సంబరంగా నివేదిక రాసేవాళ్లు బోలెడుమంది. నిజానికి ఇంతమాత్రం తేడా కేవలం యాదృచ్ఛికంగానూ రావచ్చు. అదే చెరో పదివేల మందికి పంపితే 500, 600 వచ్చాయనుకోండి, అప్పుడు నమ్మవచ్చు. శాతం రెండుచోట్లా ఒకటే, నమ్మకంలోనే తేడా. ఇది అర్థమైతే, మొదటి ఉద్యోగానికి కావలసిన గణాంకశాస్త్రంలో ముఖ్యభాగం మీకు వచ్చినట్టే. మిగతాది సగటు, మధ్యగతం, శాతాలు, సంభావ్యత. కామర్స్ విద్యార్థికి ఇవి కొత్తేమీ కావు.

ఇక పనిముట్లు. ఎక్సెల్‌లో పివట్ టేబుల్స్, అంటే పెద్ద పట్టికను వర్గాలవారీగా కూడి చిన్న పట్టికగా చూపేవి, బాగా రావాలి. ఆ తర్వాత ఎస్‌క్యూఎల్. దాన్ని కోడింగ్ అనుకుని బెదిరిపోకండి, ఏ పట్టికలోంచి ఏ వరుసలు కావాలో అడగడమే దాని పని. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషను అవసరం పడినప్పుడు నేర్చుకోవచ్చు.

సర్టిఫికెట్లు పోగేసే బదులు ఒక్క డేటాను పట్టుకుని కుస్తీ పట్టండి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (ఇర్విన్) వారి డేటా భాండాగారం యూసీఐ మెషీన్ లెర్నింగ్ రిపాజిటరీలో 'ఆన్‌లైన్ రిటైల్' అనే డేటా ఉచితంగా దొరుకుతుంది. బ్రిటన్‌కు చెందిన ఒక ఆన్‌లైన్ దుకాణంలో 2010 డిసెంబరు నుంచి 2011 డిసెంబరు దాకా జరిగిన లావాదేవీలు, మొత్తం 5,41,909 వరుసలు. ఎక్సెల్‌లో పట్టేంతే. నెలవారీ గ్రాఫ్ గీస్తే చివరి నెలలో అమ్మకాలు కుప్పకూలినట్టు కనిపిస్తుంది. కంగారుపడకండి, ఆ నెల డేటా 9వ తేదీతోనే ఆగిపోయింది. కొన్ని బిల్లు నంబర్లు 'సి' అక్షరంతో మొదలవుతాయి, అవి రద్దయిన ఆర్డర్లు. దాదాపు నాలుగో వంతు వరుసల్లో కస్టమర్ నంబరే ఉండదు. కొన్నవారిలో చాలామంది టోకు వ్యాపారులు, కాబట్టి సగటు బిల్లు చూసి మామూలు కొనుగోలుదారును ఊహించుకుంటే బోల్తా పడతారు.

ఈ చిక్కులన్నీ విప్పి, 'తగ్గింపు ధర మెయిల్ ఎవరికి పంపాలి, ఎవరికి పంపితే దండగ?' అన్న ఒక్క ప్రశ్నకు రెండు పేజీల్లో జవాబు రాయండి. చివరిసారి ఎప్పుడు కొన్నారు, ఎన్నిసార్లు కొన్నారు, ఎంత ఖర్చుపెట్టారు అన్న మూడింటితో మొదలుపెట్టవచ్చు. ఏ వరుసలు ఎందుకు తీసేశారో కూడా రాయండి. అనుభవమున్న మేనేజరు ముందుగా చూసేది ఆ పేరానే.

అప్పటికీ కోర్సులో చేరాలనిపిస్తే, డబ్బు కట్టే ముందు ఒక్కటి కనుక్కోండి: అభ్యాసానికి ఇచ్చే డేటాను ముందే శుభ్రం చేసి ఇస్తారా, ఉన్నదున్నట్టు ఇస్తారా? శుభ్రం చేసి ఇచ్చే చోట చేరకండి. ఉద్యోగంలో మీ సమయం ఎక్కువగా పోయేది ఆ పనికే.

దరఖాస్తు చేసేటప్పుడు డేటా సైంటిస్ట్ అన్న పేరు వెంట పడకండి. మార్కెటింగ్ అనలిస్ట్, బిజినెస్ అనలిస్ట్, సీఆర్‌ఎం (కస్టమర్లతో సంబంధాల నిర్వహణ) ఎగ్జిక్యూటివ్ వంటి ఉద్యోగాలు చూడండి. ఇంటర్వ్యూలో కోడింగ్ గురించి అడిగితే, ఎస్‌క్యూఎల్ వచ్చు, పైథాన్ ఇంకా రాదు అని చెప్పి, ఆ రెండు పేజీలు వాళ్ల ముందు పెట్టండి.