పాత రోప్ క్రేన్ కొనాలా? ముందు బ్రేకు సంగతి చూడండి

శ్రీకాకుళం దగ్గర వంతెన పనిలో బావులు (స్తంభాల కింద పునాదిగా నదిలోకి దింపేవి) దింపడానికి పాత 955 రోప్ క్రేన్, అంటే డ్రమ్ములకు చుట్టిన ఇనుప తాళ్లతో బరువెత్తే బండి, చవగ్గా వస్తోంది, కొనాలా, హైడ్రాలిక్ క్రేన్ అద్దెకు తేవాలా అని అడిగారు. నేను నాగావళి మీద అలాంటి బండికే మొదట హెల్పర్‌గా, తర్వాత ఆపరేటర్‌గా పనిచేశాను.

గ్రాబ్ పనికైతే, అంటే నోరు తెరిచి మూసే బకెట్టుతో బావిలో ఇసుక తోడే పనికైతే, పాత బండే నయం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా బకెట్టు బావిలో పడెయ్యడం, ఇసుక కరిపించి లాగడం. ఒక రోప్ బకెట్టును మోస్తుంది, ఇంకోటి నోరు మూస్తుంది, రెండిటికీ వేరువేరు డ్రమ్ములు. అద్దెకొచ్చే మామూలు టెలిస్కోపిక్ క్రేన్‌ను (గొట్టంలోంచి గొట్టంలా చెయ్యి సాగే హైడ్రాలిక్ బండి) ఈ కుదుపుల కోసం కట్టలేదు. కానీ 955లో బరువును కిందపడకుండా ఆపేది బ్రేకు పెడల్ మీది ఆపరేటర్ పాదమే.

నేను చేరిన కొత్తలో ఓ మధ్యాహ్నం ఇసుకతో నిండిన బకెట్టును గాల్లోనే ఉంచి, పెడల్ లాక్ చేసి అన్నానికి వెళ్లబోయాను. నాకు పని నేర్పిన బాబాయి చెయ్యి పట్టుకుని ఆపాడు. "మనం కూకుంటే బకెట్టు కూడా కూకోవాలరా" అన్నాడు. నేను నమ్మకపోయేసరికి, చూపించడానికి కింద ఎవరూ లేకుండా చేసి పావుగంట నిలబెట్టాడు. బకెట్టు జానెడు దిగింది, ఆగింది, మళ్లీ దిగింది. బ్రేకు పట్టీ డ్రమ్ము బయట చుట్టుకుని ఉంటుంది. పనిలో వేడెక్కిన డ్రమ్ము ఉబ్బి పట్టీకి బిగుస్తుంది, చల్లారితే ముడుచుకుని వదులవుతుంది. ఇది బండి లోపం కాదు, దాని తత్వం. డ్రమ్మును ఇంజనుతో కలిపే క్లచ్చు లోపల్నుంచి పడుతుంది, దానిది దీనికి తిరగేసిన లెక్క, వేడెక్కితేనే జారుతుంది.

పొద్దున మంచుకో, వానకో డ్రమ్ము తడిస్తే ఖాళీ బకెట్టును బ్రేకు రాస్తూ నెమ్మదిగా నాలుగైదుసార్లు దించి ఆరబెట్టాలి. బ్రేకు పట్టీ లోపల రాసుకునే లైనర్‌కు గ్రీజు అంటితే పెట్రోలుతో కడిగి సరిపెడతారు. అది మన మనసుకు సర్దిచెప్పుకోవడానికే పనికొస్తుంది. వేడెక్కగానే పీల్చుకున్న నూనె పైకి వస్తుంది. లైనర్ మార్చాల్సిందే.

రోప్ మీద పాత గుడ్డ పెట్టి లాగండి, వట్టి చెయ్యి వద్దు. తెగిన తీగ గుడ్డకు తగులుకుంటుంది. రోప్‌లో ఒక పాయ పూర్తిగా ఒక చుట్టు తిరిగేంత పొడవులో 6 తీగలు తెగినా, ఒకే పాయలో 3 తెగినా రోప్ తీసెయ్యండి. రోప్ చివరను మడిచి బిగించే బుల్‌డాగ్ క్లిప్పుల దిమ్మ బరువు మోసే తాడు వైపు, యు బోల్టు మడిచిన తోక వైపు ఉండాలి. మన సైట్లలో సగం చోట్ల తిరగేసి బిగిస్తారు. చెప్తే మేస్త్రీలకు కోపం!

2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు ముందురోజు బూమ్‌ను, అంటే క్రేన్ పొడవాటి చేతిని, నేలమీద పడుకోబెట్టాం. గాలి తగ్గాక రోపుల్లో చేరిన ఇసుక తుడిచి నూనె పట్టించడానికి రెండు రోజులు పట్టింది. మీ సైటు కూడా సముద్రానికి దగ్గరైతే ఆ నూనె ఖర్చు ముందే లెక్కేసుకోండి.

ఇక కొనే రోజున, బూమ్ దింపించి, దాని మొదలు దగ్గర కూర్చుని ఒక కన్ను మూసి పొడవునా చూడండి, వెదురు వంకర చూసినట్టు. బూమ్ మూలల్లో పొడవునా పోయే పైపుల్లో సొట్టగానీ లోకల్‌గా వేసిన వెల్డింగ్ అతుకుగానీ కనిపిస్తే బేరమాడకండి, లేచి వచ్చెయ్యండి. బూమ్ బాగుండి, పాత ఆపరేటర్ కూడా మీతో వస్తానంటే అప్పుడు ధర మాట్లాడండి.