అమ్మానాన్న వస్తున్నారు, ఓఎల్ఈడీ టీవీ కొనమంటారా?

ప్రశ్న: డాలస్ వచ్చి కొద్ది నెలలే అయింది. వన్ బెడ్‌రూమ్ అపార్ట్‌మెంట్. వచ్చే నెల అమ్మానాన్న వస్తున్నారు. హాల్లోకి 48 నుంచి 55 అంగుళాల మధ్య మంచి టీవీ ఒకటి కొనాలని ఉంది. ఆఫీసులో అందరూ ఓఎల్ఈడీ తప్ప ఇంకేదీ కొనొద్దంటున్నారు. నిజమేనా?

జవాబు: వాళ్లు చెప్పింది తప్పేం కాదు. లైట్లన్నీ ఆర్పి సినిమా చూసేవాళ్లకి ఓఎల్ఈడీని మించింది లేదు. కానీ రాబోయే ఆర్నెల్లు మీ ఇంట్లో టీవీ ఎక్కువసేపు చూసేది మీరు కాదు, మీ నాన్నగారు. మీరు ఆఫీసుకి వెళ్లాక ఆయనకి తోడు తెలుగు న్యూస్ ఛానలే. ఆ తెర ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. ఒక మూల ఛానల్ లోగో, ఇంకో మూల లైవ్ అన్న ఎర్ర ముక్క, కింద పెద్ద అక్షరాల్లో బ్రేకింగ్ పట్టీ, దాని కింద స్క్రోలింగ్. మధ్యలో మనుషులు మారతారు గానీ ఈ అలంకారం మాత్రం పొద్దుటి నుంచి రాత్రి దాకా కదలదు.

ఓఎల్ఈడీలో తెర వెనక వేరే లైటు ఉండదు. ప్రతి పిక్సెల్, అంటే తెర మీది చిన్న చుక్క, తనంతట తనే వెలుగుతుంది, నలుపు కావాల్సిన చోట పూర్తిగా ఆరిపోతుంది. అందుకే ఆ నలుపు అంత చిక్కగా ఉంటుంది. అయితే వెలిగినకొద్దీ పిక్సెల్ అరుగుతుంది కూడా. రోజూ గంటల తరబడి ఒకే చోట ఎర్ర పట్టీ వెలిగితే అక్కడి పిక్సెళ్లు మిగతావాటికంటే ముందే అరిగి, ఛానల్ మార్చినా దాని నీడ అలాగే ఉండిపోతుంది. బర్న్-ఇన్ అనేది దీన్నే. కంపెనీలు బొమ్మని కొద్దికొద్దిగా జరిపే పిక్సెల్ షిఫ్ట్, లోగో వెలుగు తగ్గించే లోగో డిమ్మింగ్ లాంటివి పెట్టి దీన్ని చాలావరకు తగ్గించాయి, ఒప్పుకుంటాను. రకరకాలుగా చూసే ఇంట్లో భయపడక్కర్లేదు. రోజంతా ఒకే న్యూస్ ఛానల్ నడిచే ఇంట్లో మాత్రం ఆ టెన్షన్ కొనితెచ్చుకోవడం అనవసరం. పైగా మామూలు వారంటీల్లో చాలావాటికి ఇది వర్తించదు.

కాబట్టి మీకు నా సలహా మినీ ఎల్ఈడీ. ఇది ఎల్‌సీడీ టీవీయే, కాకపోతే తెర వెనక వేల సంఖ్యలో చిన్న చిన్న లైట్లు గుంపులుగా ఉంటాయి. బొమ్మలో చీకటి ఉన్నచోట ఆ గుంపు మసకబారుతుంది, వెలుతురు ఉన్నచోట ఇంకొకటి వెలుగుతుంది. బాల్కనీ గాజు తలుపులోంచి టెక్సాస్ ఎండ హాల్లోకి కొడుతుంటే ఈ రకం టీవీ వెలుగే నిలబడుతుంది. పెట్టె మీద క్యూఎల్ఈడీ అని రాసున్నది చూసి ఓఎల్ఈడీ అనుకోకండి. అది క్వాంటమ్ డాట్స్ పొర వేసిన ఎల్‌సీడీ. రంగులు బాగుంటాయి, కానీ నలుపు సంగతి వెనకున్న లైట్ల మీదే ఆధారపడుతుంది. ఫుల్ అరే లోకల్ డిమ్మింగ్ (తెర వెనకంతా పరిచిన లైట్లు గుంపులవారీగా మసకబారే ఏర్పాటు) ఉందా లేదా అన్నదే చూడాల్సింది. అది లేని టీవీ మీద హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడా ఎక్కువగా చూపే పద్ధతి) అని ఎంత పెద్దగా రాసినా ఒరిగేది పెద్దగా ఏం లేదు.

ఇక సైజు. మనకి కావాల్సిన మధ్యరకం సైజుల్లో ఒక చిక్కుంది. కంపెనీల దృష్టంతా పెద్ద తెరల మీదే. టీసీఎల్, హైసెన్స్‌ల మంచి మినీ ఎల్ఈడీ సిరీస్‌లు ఎక్కువగా 55 నుంచే మొదలవుతాయి. 43, 50 అంగుళాల్లో చాలావరకు దొరికేది చవక రకమే. శామ్‌సంగ్ మాత్రం క్యూఎన్90 సిరీస్‌ని 43, 50లో కూడా తెచ్చింది. ఓఎల్ఈడీలో ఎల్‌జీ సీ సిరీస్ 42, 48లో వస్తుంది. ఇంకో సంగతి, ఒకే సిరీస్‌లో కూడా సైజు మారితే లోపలి ప్యానెల్ మారిపోవచ్చు. 55 అంగుళాల టీవీకి వచ్చిన రివ్యూ చదివి 50 కొంటే మోసపోయినట్టే. ఆర్టింగ్స్ సైట్ వాళ్లు టీవీలు సొంతంగా కొని కొలతలు తీస్తారు, ఏ సైజులో ఏ ప్యానెల్ ఉందో కూడా రాస్తారు. దుకాణానికి వెళ్లేముందు అది చూడండి.

సోఫా నుంచి గోడకి ఏడడుగులు ఉంటే 55 హాయిగా సరిపోతుంది. 4కే తెర కాబట్టి ఇంకాస్త దగ్గరున్నా కళ్లకి గరుకుగా అనిపించదు. తెర వెడల్పు దాదాపు నాలుగడుగులు. అపార్ట్‌మెంట్ వాళ్లు గోడకి కన్నాలు పెట్టనివ్వకపోతే టేబుల్ మీదే పెట్టాలి. అప్పుడు టీవీ కాళ్లు చూసుకోండి. కొన్నిటికి మధ్యలో ఒకే స్టాండు ఉంటుంది, కొన్నిటికి రెండు కాళ్లు రెండు చివర్లలో ఉంటాయి. రెండో రకం తెచ్చాక టేబుల్ చాలక ఇంకో టేబుల్ కొన్నవాళ్లని చూశాను.

కూర్చునే చోట్లు కూడా లెక్కలోకి తీసుకోండి. ఎల్‌సీడీ టీవీల్లో వీఏ, ఐపీఎస్ అని రెండు రకాల ప్యానెళ్లుంటాయి. వీఏ ప్యానెల్‌లో నలుపు బాగుంటుంది కానీ పక్క నుంచి చూస్తే రంగులు వెలిసిపోతాయి. ఐపీఎస్‌లో దానికి సరిగ్గా తారుమారు. అమ్మగారు వంటింటి గట్టు దగ్గర నుంచి వారగా సీరియల్ చూసే ఇల్లయితే ఐపీఎస్ వైపో, వెడల్పు కోణం పొర ఉన్నదాని వైపో మొగ్గండి. అందరూ ఎదురుగానే కూర్చుంటే వీఏ.

రిఫ్రెష్ రేట్ (తెర సెకనుకి ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందన్న లెక్క) విషయంలో మోషన్ రేట్ 240 లాంటి అంకెలు నమ్మొద్దు. నేటివ్ రిఫ్రెష్ రేట్ 60 ఉందా, 120 ఉందా అని అడగండి. సినిమా సెకనుకి 24 ఫ్రేములు. 120లో అయితే ఒక్కో ఫ్రేము సమంగా అయిదేసిసార్లు పడుతుంది, 60లో ఆ లెక్క కుదరదు కాబట్టి కెమెరా నెమ్మదిగా పక్కకి తిరిగేటప్పుడు బొమ్మ కుదుపుతుంది. విల్లో ఛానల్లో క్రికెట్ చూసేవాళ్లకి కూడా 120 ఉంటే బంతి కాస్త స్పష్టంగా కనిపించొచ్చు. హెచ్‌డీఆర్‌లో ఒక రకమైన డాల్బీ విజన్ శామ్‌సంగ్ టీవీల్లో ఉండదు, దాని బదులు హెచ్‌డీఆర్10 ప్లస్ ఉంటుంది. దానికోసం బ్రాండ్ మార్చుకోవాల్సినంత తేడా అయితే కాదు.

దుకాణంలో పూలు, తేనె చుక్కలు, రంగు రంగుల పక్షులు చూపిస్తారు. అవి ఏ టీవీలోనైనా బాగుంటాయి. సేల్స్‌మన్‌ని అడిగి యూట్యూబ్ తెరిపించి ఒక పాత తెలుగు సినిమా పెట్టించండి. ముఖాలు మైనం బొమ్మల్లా నున్నగా అయిపోతున్నాయా, అంచులు పాకుతున్నాయా అన్నది అక్కడ బయటపడుతుంది. తక్కువ క్వాలిటీ వీడియోని పెద్ద తెరకి సాగదీయడంలో సోనీకి మంచి పేరుంది, ధర కూడా అలాగే ఉంటుంది.

కొనేది ఎప్పుడంటే, కొత్త మోడళ్లు ఎక్కువగా వసంతంలో వస్తాయి, అప్పుడు పాతవి చవకవుతాయి. నవంబర్‌లో బ్లాక్ ఫ్రైడే, ఫిబ్రవరిలో సూపర్ బౌల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్) ముందు కూడా తగ్గిస్తారు. బ్లాక్ ఫ్రైడేకి ప్రత్యేకంగా చేసిన నాసిరకం మోడళ్లూ దిగుతాయి కాబట్టి మోడల్ నంబర్ అక్షరం అక్షరం సరిచూసుకోండి. రాసిన ధరకి సేల్స్ టాక్స్ అదనం. డాలస్‌లో 8.25 శాతం, అంటే 900 డాలర్ల టీవీకి బిల్లు 974 దాటుతుంది. కాస్ట్‌కోలో సభ్యత్వం ఉంటే అక్కడే కొనండి. టీవీలకి రెండేళ్ల వారంటీ, నచ్చకపోతే 90 రోజుల్లో వాపసు. క్యాష్ కౌంటర్ దగ్గర ఎక్స్‌టెండెడ్ వారంటీ అంటే వద్దనేయండి.

ఓ వంద, నూట యాభై డాలర్లు సౌండ్‌బార్‌కి పక్కన పెట్టుకోండి. ఇంత పల్చటి టీవీలోంచి మాట స్పష్టంగా రాదు, పెద్దవాళ్లు వాల్యూమ్ పెంచుతారు, పక్కింటివాళ్లు గోడ కొడతారు. ఈ-ఆర్క్ అని రాసున్న హెచ్‌డీఎంఐలో పెడితే ఒకే రిమోట్‌తో పని జరుగుతుంది. ఇంటికి తెచ్చాక వివిడ్ మోడ్ తీసేసి సినిమాలకి ఫిల్మ్‌మేకర్ మోడ్ పెట్టండి. మధ్యలో సొంతంగా ఫ్రేములు కల్పించే మోషన్ స్మూతింగ్ ఆపకపోతే ఎంత పెద్ద సినిమా అయినా డైలీ సీరియల్లా కనిపిస్తుంది.

తిరిగి ఇండియా వెళ్లేటప్పుడు పట్టుకెళ్లొచ్చా అని చాలామంది అడుగుతారు. వెనక లేబుల్ మీద 100-240 వోల్టులు అని లేకపోతే అక్కడి 230 వోల్టులకి ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ఫ్లాట్ ప్యానెల్ టీవీని 2013 ఆగస్టు 26 నుంచి ఇండియా కస్టమ్స్ వాళ్లు డ్యూటీ ఫ్రీ సామాను లెక్కలోంచి తీసేశారు. ఇక్కడి వారంటీ అక్కడ చెల్లుతుందన్న ఆశ పెట్టుకోవద్దు. వెళ్లేముందు ఇక్కడే అమ్మేయడం మేలు. అట్టపెట్టె, లోపలి థర్మాకోల్ పారేయకుండా క్లోజెట్‌లో దాచండి, అమ్మేటప్పుడే కాదు, లీజు అయిపోయి ఇల్లు మారేటప్పుడు కూడా పనికొస్తాయి. కార్లో తీసుకెళ్లాల్సివస్తే మాత్రం తెరని పడుకోబెట్టకండి, నిలబెట్టే తీసుకెళ్లండి.