రెక్కాడితే గానీ డొక్కాడని గుండె

అమ్మాయీ,

గుండె కండరం లోపల కొవ్వు చేసే పని గురించి నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. భాషకు వంక పెట్టలేను. కానీ మొదటి పేరాలోనే కొవ్వును దొంగను చేసి నిలబెట్టావు, అక్కడే నాకు పేచీ. ఆరోగ్యంగా ఉన్న గుండెకు ఇష్టమైన తిండి కొవ్వే. దాని శక్తిలో సగానికి పైగా మామూలుగా కొవ్వు ఆమ్లాల నుంచే వస్తుంది. ముందు ఆ మాట చెప్పు, తర్వాత తిట్టు.

ఇంకోటి. కొవ్వు అనగానే రక్తనాళాల్లో పూడికల మీదికి వెళ్లిపోయావు. అది వేరే కథ. నువ్వు ఎత్తుకున్నది కండర కణం లోపలి సంగతి. రోజుకు దాదాపు లక్షసార్లు కొట్టుకునే గుండె దగ్గర ఏటీపీ (కణం పనులకు ఖర్చుపెట్టుకునే శక్తి పదార్థం) నిల్వ కొన్ని సెకన్లకే సరిపోతుంది. రెక్కాడితే గానీ డొక్కాడని సంసారం అన్నమాట. కణంలో ఇంచుమించు మూడో వంతు, తిండిని కాల్చి ఏటీపీ తయారుచేసే మైటోకాండ్రియాలే ఉండేది అందుకే.

ఇప్పుడు ఆ మైటోకాండ్రియా నీరసించిందనుకో. స్థూలకాయం, షుగరు ఉన్నవాళ్ల రక్తంలో కొవ్వు ఆమ్లాలు ఎక్కువ. అవి లోపలికి తోసుకొస్తూనే ఉంటాయి. కాల్చలేక మిగిలినదాంట్లో కొంత చుక్కలుగా పేరుకుంటుంది. చుక్కలతో అంత బెడద లేదు. పక్కదారి పట్టి సెరమైడ్లు అనే మరో రకం కొవ్వుల లాంటివిగా మారేదే అసలు చిక్కు: అవి ఇన్సులిన్ మాట కణానికి ఎక్కనివ్వవు, మైటోకాండ్రియాను మరింత దెబ్బతీస్తాయి. పైగా కొవ్వు ఎక్కువగా కాలుతుంటే గ్లూకోజ్ కాలడం తగ్గుతుంది. రాండిల్ అనే శాస్త్రవేత్త బృందం 1963లోనే ఈ పోటీ గురించి రాసింది. ఒకే మోతాదు ఏటీపీ తయారీకి కొవ్వు అడిగే ఆక్సిజన్ గ్లూకోజ్ కన్నా కాస్త ఎక్కువ. కలిగిన రోజుల్లో ఆ తేడా ఎవరికీ పట్టదు, కరువులో గింజ గింజా లెక్కే. నువ్వు ఒక్క ముక్కలో తేల్చేసిన ఈ చోటే వ్యాసానికి గుండెకాయ (మాట కలిసొచ్చింది, ఏమనుకోకు).

అందరిలో ఇదే తీరు అని మాత్రం రాయకు. హార్ట్ ఫెయిల్యూర్ ముదిరిన కొందరిలో కొవ్వును కాల్చడమే తగ్గిపోతుంది. ‘ఎప్పుడూ’, ‘తప్పకుండా’ అన్నవి కొట్టేయి.

చివరగా, హార్ట్ ఫెయిల్యూర్‌ను ‘గుండె ఆగిపోవడం’ అన్నావు. నేనూ మొదట్లో అలాగే రాశాను. అచ్చయిన మర్నాడు ఆ జబ్బున్న ఒకాయన ఫోన్ చేసి, “అయ్యా, నాది ఆగిపోయిందంటారా?” అన్నాడు. నాకు నోట మాట రాలేదు. ఆయన గుండె కొట్టుకుంటూనే ఉంది, ఒంటికి కావాల్సినంత రక్తం తోడలేకపోతోంది, అంతే. ఆ వాక్యం దిద్ది మళ్లీ పంపు.

ఉంటాను.